నడుం నొప్పి, మెడ నొప్పి: పని ఎటు వంచితే దానికి ఎదురు వైపు విరుచుకోండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఇదే బాధ ఉన్న మిగతావాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు కుదించి చెప్తాను. మీకు 29 ఏళ్లు, ఒంగోలులో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని. మంచం మీద కూర్చుని, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని రోజుకి తొమ్మిది, పది గంటలు. మెడ పట్టేస్తోంది, సాయంత్రానికి కుడి భుజం మీద రాయి పెట్టినట్టు ఉంటోంది. అమ్మగారికి 54. పొదిలి దగ్గర పల్లెలో పొగాకు గ్రేడింగ్‌కి, అంటే ఆకుని రకాలవారీగా ఏరి కట్టలు కట్టే పనికి వెళ్తారు. రెండేళ్లుగా నడుం నొప్పి, ఈమధ్య కుడి పిర్ర నుంచి తొడ వెనక్కి లాగుతోంది. ఫోన్‌లో వీడియో చూసి ఇద్దరూ పది రోజులు స్ట్రెచింగ్ చేశారు. మీకు ఏ తేడా లేదు, అమ్మకి ఎక్కువైంది. ఇక మానేయాలా అని అడిగారు.

మానేయకండి, మార్చండి. నేను నెల్లూరులో ఇరవై రెండేళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. మీరు రాసిన దాంట్లో తప్పు ఎక్కడ జరిగిందో నాకు స్పష్టంగా కనిపిస్తోంది. ఆ వీడియోలో అమ్మ చేత చేయించినవి మూడు: నిలబడి వంగి కాలివేళ్లు అందుకోవడం, పడుకుని రెండు మోకాళ్లూ పొట్టకి హత్తుకోవడం, కూర్చుని నడుం మెలితిప్పడం. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా నేల మీద కూర్చుని ముందుకి వంగి ఆకు ఏరిన మనిషి, ఇంటికొచ్చి మళ్లీ అదే వైపుకి ఇంకా గట్టిగా వంగింది. ఆ నడుం పగలంతా సాగిన వైపుకే రాత్రి కూడా సాగదీశారు. ఎక్కువ కాక ఏమవుతుంది?

మా ఊరు కోవూరు పక్కన. చిన్నప్పుడు నాట్లప్పుడు గట్టు మీద కూర్చుని చూసేదాన్ని. పదిమంది ఆడవాళ్లు వరసగా వంగి నాటుకుంటూ వెనక్కి జరుగుతూ వస్తారు. ఒక మడి అయిపోగానే లేచి నిలబడతారు. లేచినప్పుడు ఒక్కరైనా ఇంకా ముందుకి వంగడం నేను చూడలేదు. బురద చేతులని కూడా చూసుకోకుండా రెండు చేతులూ నడుం మీద ఆనించి, పొట్ట ముందుకి పెట్టి, మొహం ఆకాశం వైపు ఎత్తి, 'అమ్మా' అంటూ వెనక్కి విరుచుకుంటారు. ఒకటికి రెండుసార్లు. తర్వాత చెంబుతో నీళ్లు తాగి మళ్లీ మడిలోకి దిగుతారు. ఆ చీరల మీద నడుం దగ్గర రెండు అరచేతుల మట్టి ముద్రలు సాయంత్రం దాకా అలాగే ఉండేవి. కాలేజీలో చేరాక మాకు ఇదే భంగిమని పుస్తకంలో బొమ్మ వేసి, పేరు పెట్టి, ఇన్నిసార్లు చేయాలని లెక్క కట్టి చెప్పారు. నాకు ముందు గుర్తొచ్చింది ఆ మట్టి ముద్రలే.

స్ట్రెచింగ్ అనే మాటకి మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న మాట ఒళ్లు విరుచుకోవడం. ఒళ్లు ఎప్పుడూ తను ఉన్న భంగిమకి ఎదురు వైపుకే విరుచుకుంటుంది. పిల్లి చూడండి, ముడుచుకుని పడుకుని లేస్తే ముందు కాళ్లు చాచి వీపు కిందికి దించుతుంది. మీకూ అమ్మకీ నేను చెప్పేదంతా దీని మీదే నడుస్తుంది. పని మిమ్మల్ని ఎటు వంచుతోందో చూసుకోండి, దానికి ఎదురు వైపుకి, కొంచెం కొంచెంగా, చాలాసార్లు, పని మధ్యలోనే విరుచుకోండి. రాత్రి పడుకునేముందు అరగంట చేసే వ్యాయామం కంటే పగలు ఎనిమిదిసార్లు అర నిమిషం చేసేది నా అనుభవంలో ఎక్కువమందికి పనికొచ్చింది.

ఎందుకో చెప్తాను. మెడలో ఏడు, వీపులో పన్నెండు, నడుంలో అయిదు పూసలు. వాటి మధ్య మెత్తల్లాంటి డిస్కులు ఉంటాయి. పెద్దవాళ్ల డిస్కులకి సొంతంగా రక్తనాళాలు దాదాపు ఉండవు. కదిలినప్పుడు స్పాంజి నొక్కి వదిలినట్టు నీరు, పోషకాలు లోపలికీ బయటికీ తిరుగుతాయి. గంటల తరబడి ఒకే వైపుకి వంగి కూర్చుంటే ముందు భాగం నలుగుతూ, వెనక భాగం సాగుతూ అలాగే ఉండిపోతుంది. వెనకున్న కండరాలు అలసిపోయి 'ఇక లే' అని నొప్పి రూపంలో చెప్తాయి. భంగిమ చెడ్డదై నొప్పి రావడం కంటే, భంగిమ మారకపోవడం వల్ల నొప్పి రావడమే నేను ఎక్కువ చూశాను. నిటారుగా కర్రలా నాలుగు గంటలు కూర్చున్నవాళ్లకి కూడా నడుం పట్టేస్తుంది.

ఏదైనా మొదలుపెట్టేముందు ఇవి చూసుకోండి. ఇవి ఉంటే ఇంట్లో ప్రయోగాలు వద్దు. మూత్రం, దొడ్డికి పట్టు తప్పడం లేదా మూత్రం రాకుండా ఆగిపోవడం, తొడల మధ్య జీనులా ఉండే భాగంలో స్పర్శ తెలియకపోవడం, పాదం పైకి ఎత్తలేక చెప్పు జారిపోవడం, రెండు కాళ్లలో బలం తగ్గుతూ రావడం: వీటిలో ఏది ఉన్నా ఆరోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి, రేపు చూద్దాం అనుకోకూడదు. జ్వరంతో నడుం నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, పడుకున్నా తగ్గకుండా రాత్రి నిద్ర లేపే నొప్పి, ఇంతకుముందు క్యాన్సర్ గానీ టీబీ గానీ వచ్చి ఉండటం, కిందపడ్డాక మొదలైన నొప్పి, చాలాకాలం స్టెరాయిడ్ మాత్రలు వాడి ఉండటం, వీటికి డాక్టరు చూసి పరీక్షలు చేయించాలి. మెడ నొప్పితో పాటు చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతున్నా, నడక తూలుతున్నా వెన్నుపాము మీద ఒత్తిడి ఉందేమో చూడాలి. మెడ, ఎడమ చెయ్యి లాగుతూ ఛాతీ బరువు, చెమటలు ఉంటే అది గుండె అనుకునే పరుగెత్తండి. మీ ఇద్దరికీ ఇవేవీ లేవని రాశారు కాబట్టి ముందుకు వెళ్తున్నాను.

అమ్మగారి సంగతి ముందు. ఆమెకి మొదటి పని రేపు పొద్దున్నే ఉంది, అది వ్యాయామం కూడా కాదు. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున మనం ఒకటి, ఒకటిన్నర సెంటీమీటరు పొడవు ఎక్కువ ఉండేది అందుకే. ఆ ఉబ్బిన డిస్కుతో వంగితే వాటి మీద ఒత్తిడి మిగతా వేళల్లో కన్నా ఎక్కువ. మన ఆడవాళ్లు లేవగానే చేసే పనులేమిటి? పొట్టి చీపురు పట్టుకుని వాకిలి ఊడవడం, వంగి కల్లాపి చల్లడం, వంగి ముగ్గు వేయడం. 1998లో అమెరికాలో నడుం నొప్పి ఉన్నవాళ్ల చేత పొద్దున్నే వంగడం ఒక్కటి మాన్పించి చూశారు, నొప్పి ఉండే రోజులు తగ్గాయి. అమ్మని లేచాక ముందు నాలుగు అడుగులు నడిచి, పళ్లు తోముకుని, టీ తాగి, ముప్పావు గంట, గంట తర్వాత వాకిలి పని పట్టమనండి. చీపురుకి పొడుగు కర్ర కట్టండి. ముగ్గు మానమని నేను ఎవరికీ చెప్పను, ఆ మాట చెప్తే మళ్లీ నా దగ్గరికి రారు. ముగ్గు చివరికి పెట్టుకుని, మోకాళ్లు ఒప్పుకుంటే చిన్న పీట మీద కూర్చుని వేయమంటాను.

ఇక విరుచుకోవడం. గ్రేడింగ్ దగ్గర ఒక కట్ట పూర్తయిన ప్రతిసారీ కాకపోయినా, రెండు మూడు కట్టలకోసారి లేచి నిలబడాలి. పాదాలు భుజాలంత వెడల్పు పెట్టి, అరచేతులు నడుం కింద, పిర్రల పై భాగాన ఆనించి, మోకాళ్లు వంచకుండా మెల్లగా వెనక్కి వంగాలి. చివర్లో ఒక్క క్షణం ఆగి మళ్లీ నిటారుగా రావాలి. అయిదారుసార్లు. తల తిరిగే అలవాటు ఉంటే తల వెనక్కి వేయకుండా కళ్లు ఎదురుగా చూస్తూ చేయొచ్చు. నాట్ల దగ్గర ఆడవాళ్లు చేసేది ఇదే.

ఇంటికొచ్చాక, చాప మీద బోర్లా పడుకోమనండి. తల ఒక పక్కకి, చేతులు పక్కన, ఊరికే రెండు మూడు నిమిషాలు. చాలామందికి ఇదొక్కటే మొదటిరోజు చాలు. అది సుఖంగా ఉంటే మర్నాడు మోచేతుల మీద లేచి, పిల్లలు బోర్లా పడుకుని పుస్తకం చదివినట్టు రెండు నిమిషాలు. అదీ బాగుంటే, అరచేతులు భుజాల దగ్గర ఆనించి, చేతుల బలంతోనే ఛాతీ పైకి లేపాలి. నడుం, పిర్రలు వదులుగా కిందికి వేలాడాలి, తుంటి చాప మీదే ఉండాలి. పదిసార్లు లేచి దిగడం. రోజుకి నాలుగయిదు విడతలు వీలైతే మంచిది, రెండు కుదిరినా సరే.

దీని వెనక ఒక కథ ఉంది, మా వృత్తిలో అందరికీ తెలిసిందే. 1956లో న్యూజిలాండ్‌లో రాబిన్ మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గరికి నడుం నుంచి కాలికి లాగే రోగి ఒకరు వచ్చారు. గదిలోకి వెళ్లి బోర్లా పడుకోమన్నారు. ఆ బల్ల తల వైపు అంతకుముందు వేరే రోగి కోసం పైకి ఎత్తి ఉంది, దించడం మర్చిపోయారు. ఆ మనిషి అలాగే, నడుం వెనక్కి వంగిపోయిన భంగిమలో కొన్ని నిమిషాలు పడుకున్నాడు. మెకెంజీ కంగారుగా లోపలికి వెళ్తే, కొన్ని వారాల్లో ఇంత బాగా ఎప్పుడూ లేదని, కాల్లో నొప్పి పోయిందని చెప్పాడట. ఆ కాలంలో నడుం వెనక్కి వంచడం ప్రమాదమని నమ్మేవాళ్లు. అక్కడినుంచి ఆయన వందల మందిని గమనించి ఒక పద్ధతి తయారుచేశారు. అందులో నేను రోజూ వాడే సూత్రం ఒకటుంది, అమ్మకి అది నేర్పండి.

నొప్పి ఎక్కడిదాకా ఉందో చూడాలి. వ్యాయామం చేస్తుంటే కాలి నొప్పి తొడ నుంచి పిర్రకి, పిర్ర నుంచి నడుం మధ్యకి చేరుతుంటే అది మంచి గుర్తు. నడుం దగ్గర కాస్త ఎక్కువైనట్టు అనిపించినా పర్లేదు, కొనసాగించాలి. నొప్పి తొడ నుంచి పిక్కకి, పిక్క నుంచి పాదానికి దిగుతుంటే, తిమ్మిరి ఎక్కువవుతుంటే, నడుం హాయిగా ఉన్నాసరే ఆపేయాలి. మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లకి ఇలా చెప్తాను: నొప్పి వెనక్కి తగ్గి ఇంటికి వస్తోందా, ఊరు దాటి పోతోందా? ఇది పట్టుకుంటే అమ్మ తన ఒంటికి ఏది పనికొస్తుందో ఏ వీడియో లేకుండానే తేల్చుకోగలదు.

అందరికీ వెనక్కి వంగడమే మందు అని మాత్రం తీసుకోవద్దు. అరవై దాటిన కొందరికి వెన్నుపూసల్లో నరాల దారి ఇరుకవుతుంది. వాళ్లు కాస్త దూరం నడవగానే రెండు కాళ్లూ బరువెక్కి, లాగి, ఎక్కడో అరుగు మీద కూర్చుంటేనో, ముందుకి వంగి గోడ పట్టుకుంటేనో సర్దుకుంటుంది. వాళ్లకి వెనక్కి వంగితే ఎక్కువవుతుంది. మోకాళ్లు పొట్టకి హత్తుకోవడం లాంటివి వాళ్లకే సుఖం. మీ అమ్మ చేత చేయించిన ఆ వీడియో ఇలాంటివాళ్లకి బాగానే పనికొస్తుంది.

తొడ వెనక కండరం బిగుసుకుపోయి ఉంటుంది కాబట్టి అది కూడా వదులు చేయాలి, కానీ నిలబడి వంగి వద్దు. వెల్లకిలా పడుకుని, ఒక కాలు మడిచి పాదం నేల మీద పెట్టి, రెండో పాదానికి తువ్వాలు తగిలించి, రెండు కొసలూ పట్టుకుని కాలు పైకి లేపాలి. మోకాలు పూర్తిగా చాచక్కర్లేదు. తొడ వెనక తీయగా లాగే చోట ఆపి ఇరవై, ముప్పై సెకన్లు. ఊపకూడదు, ఊపిరి బిగపట్టకూడదు. ఒక్కో కాలికి మూడుసార్లు. అలా చేస్తుంటే జివ్వుమని కరెంటులా పాదంలోకి వెళ్తే అది కండరం సాగడం కాదు, నరం లాగుడు. అక్కడే దించేయాలి, ఆ కాలికి కొన్నాళ్లు ఇది వద్దు.

ఇప్పుడు మీరు. మీ తలకాయ బరువు నాలుగున్నర, అయిదు కిలోలు. అది నిటారుగా భుజాల మీద ఉంటే మెడ మోసే బరువు అంతే. ముందుకి వంచేకొద్దీ పెరుగుతుంది. అరవై డిగ్రీలు వంచి ఫోన్ చూస్తే మెడ మీద భారం 27 కిలోలదాకా ఉంటుందని 2014లో ఒక వెన్నెముక సర్జన్ లెక్కగట్టారు. ఒళ్లో లాప్‌టాప్ అంటే మీరు రోజుకి పది గంటలు దాదాపు ఆ కోణానికి దగ్గర్లోనే ఉన్నారు. రొయ్యల చెరువుల దగ్గర మేత బస్తా 25 కిలోలు ఉంటుంది. దాన్ని మెడ మీద పెట్టుకుని పది గంటలు కూర్చోమంటే ఎవరైనా కూర్చుంటారా?

కాబట్టి ముందు మంచం దిగండి. వేలు పోసి కుర్చీ కొనక్కర్లేదు. భోజనాల బల్ల, మామూలు కుర్చీ, లాప్‌టాప్ కింద నాలుగు లావు పుస్తకాలో బోర్లించిన స్టీలు డబ్బానో. తెర పైఅంచు కళ్ల ఎత్తుకి రావాలి. విడిగా ఒక కీబోర్డు, మౌస్ తప్పనిసరిగా కొనండి. లాప్‌టాప్ ఎత్తులో పెట్టి దాని కీబోర్డు మీదే కొడితే భుజాలు చెవుల దాకా లేస్తాయి. మీ కుడి భుజం బరువుకి నా అనుమానం అక్కడే, మౌస్ దూరంగా పెట్టి చెయ్యి చాచి పట్టుకుంటున్నారేమో చూసుకోండి.

మెడకి మీరు చేస్తున్న గుండ్రంగా తిప్పడం ఆపేయండి. దాని బదులు గడ్డం వెనక్కి లాగడం నేర్చుకోండి. గోడకి వీపు ఆనించి కూర్చోండి. కళ్లు ఎదురుగా చూస్తూ, తల పైకీ కిందికీ వంచకుండా, ఎవరో గడ్డం మీద వేలు పెట్టి వెనక్కి నెట్టినట్టు తల మొత్తాన్ని వెనక్కి జరపండి. గడ్డం కింద మడత పడుతుంది, అద్దంలో బాగోదు, కానీ సరిగ్గా చేస్తున్నారనడానికి అదే గుర్తు. తల వెనక, మెడ మొదట్లో కాస్త లాగుతుంది. రెండు మూడు సెకన్లు ఉంచి వదలండి. పదిసార్లు. మొదట్లో అందరూ గడ్డం ఛాతీకి ఆనిస్తారు లేదా తల పైకెత్తుతారు. అందుకే ఫోన్ కెమెరా పక్కన పెట్టుకుని ఒకసారి వీడియో తీసి చూసుకోమంటాను.

కుడి భుజం బరువుకి: కుడి చేత్తో కుర్చీ అంచు కిందనుంచి పట్టుకోండి, భుజం పైకి లేవకుండా. తల ఎడమ పక్కకి వంచండి, చెవి భుజం వైపు. ఎడమచెయ్యి తల మీద ఊరికే పెట్టండి, లాగకండి, ఆ చేతి బరువు చాలు. ఇరవై, ముప్పై సెకన్లు. తర్వాత అదే భంగిమలో ముక్కుని ఎడమ చంక వైపు తిప్పితే మెడ వెనక నుంచి భుజం ఎముక దాకా వేరే చోట లాగుతుంది, రాయి పెట్టినట్టు ఉందన్నది బహుశా అక్కడే. రెండోవైపు కూడా చేయండి. చేతిలోకి తిమ్మిరి దిగితే ఆపండి.

నొప్పి వెనకున్నా బిగుసుకుపోయింది ముందు వైపు. గుమ్మంలో నిలబడి, రెండు మోచేతులూ భుజాల ఎత్తులో ద్వారబంధాలకి ఆనించి, ఒక అడుగు ముందుకి వేస్తే ఛాతీ విచ్చుకుంటుంది. ముప్పై సెకన్లు, రెండుసార్లు. అలాగే కుర్చీ వీపు అంచు భుజాల ఎముకల కింద తగిలేట్టు కూర్చుని, చేతులు తల వెనక అల్లి, వీపు పైభాగాన్ని కుర్చీ మీదుగా వెనక్కి వంచండి. మీ వయసువాళ్లలో చాలామందికి మెడ నొప్పికి మూలం గూనిలా బిగుసుకున్న వీపు పైభాగమే. అది కదలకపోతే ఆ పని కూడా మెడే చేయాల్సి వస్తుంది.

ఇవన్నీ చెప్పాక అందరూ అనే మాట ఒకటే: టైం లేదు, గుర్తుండదు. మొదట్లో నేనూ అందరికీ పది బొమ్మలున్న కాగితం ఒకటి ఇచ్చి పంపేదాన్ని. నెల తర్వాత అడిగితే ఎక్కువమంది చేసి ఉండేవాళ్లు కాదు. బద్ధకం అని కొన్నాళ్లు వాళ్లనే అనుకున్నాను, అది నా పొరపాటు. ఒకావిడ దాన్ని సరిచేసింది. ఇంట్లో జాకెట్లు కుట్టేది, పెళ్లిళ్ల సీజన్లో రాత్రి పదకొండు దాకా మెషీను మీదే. మెడ, భుజాలు పట్టేసి చెయ్యి ఎత్తలేని స్థితిలో వచ్చింది. టైం చూసుకోవడానికి గడియారం పెట్టుకోమంటే, 'కుట్టేటప్పుడు గడియారం ఎవరు చూస్తారమ్మా, బాబిన్ అయిపోతే ఎలాగూ ఆగాలి కదా' అంది. అదే పట్టుకున్నాం. బాబిన్‌లో దారం అయిపోయిన ప్రతిసారీ లేచి నిలబడటం, గడ్డం వెనక్కి అయిదుసార్లు, నడుం వెనక్కి అయిదుసార్లు, తర్వాతే కొత్త దారం చుట్టడం. ఆరు వారాలకి చెయ్యెత్తి జడ వేసుకుంటూ వచ్చింది. అప్పటినుంచి నేను ఎవరికి ఏ వ్యాయామం చెప్పినా, ముందు వాళ్ల పనిలో 'బాబిన్' ఏమిటని అడుగుతాను. అమ్మకి ఆకు కట్ట. మీకు ప్రతి కాల్ ముగియడం, లేదా నీళ్ల గ్లాసు ఖాళీ కావడం. సీసా బదులు చిన్న గ్లాసు పెట్టుకోండి, ఎక్కువసార్లు లేస్తారు.

నివారణ గురించి కూడా అడిగారు. ఇక్కడ ఉన్నమాట చెప్పాలి. స్ట్రెచింగ్ ఒక్కటే నొప్పి మళ్లీ రాకుండా ఆపుతుందని చెప్పడానికి గట్టి ఆధారం లేదు. వ్యాయామం, దానితోపాటు నొప్పి గురించి అవగాహన, రెండూ కలిస్తే మళ్లీ వచ్చే అవకాశం బాగా తగ్గుతుందని 2016లో అంతకుముందు పరిశోధనలన్నీ కలిపి చూసినవాళ్లు తేల్చారు. నడుం బెల్టులు ఆ పని చేయలేదు. 2024లో ఆస్ట్రేలియాలో నడుం నొప్పి తగ్గినవాళ్లని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి క్రమంగా నడక నేర్పించారు. మళ్లీ నొప్పి రావడానికి నడవనివాళ్లకి మధ్యస్థంగా 112 రోజులు పడితే, నడిచినవాళ్లకి 208 రోజులు పట్టింది. నడకకి పైసా ఖర్చు లేదు. వారానికి అయిదు రోజులు, మెల్లగా పెంచుకుంటూ అరగంటకి చేరండి. మీరు సాయంత్రం ఫోన్ జేబులో పెట్టుకుని నడవండి, చేతిలో పట్టుకుని చూస్తూ నడిస్తే మెడకి మళ్లీ అదే కథ.

నొప్పి సర్దుకున్నాక, మూడో వారం నుంచి బలానికి రెండు చేర్చండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిర్రలు పైకి లేపి అయిదు సెకన్లు ఆపడం, పదిసార్లు. అరచేతులూ మోకాళ్లూ నేల మీద ఆనించి గుర్రంలా ఉండి, కుడి చెయ్యి, ఎడమ కాలు ఒకేసారి చాచి అయిదారు సెకన్లు నిలపడం, తర్వాత ఎదురువి. చాలు.

నడుం కలుక్కుమని కదల్లేని స్థితిలో ఉన్న మొదటి రెండు మూడు రోజులు మాత్రం ఏ స్ట్రెచింగూ వద్దు. అలాగని మంచం ఎక్కి పడుకోవడమూ వద్దు. 1995లో ఫిన్లండ్‌లో ఇలాంటివాళ్లని మూడు రకాలుగా చూశారు: రెండు రోజులు పడక, వ్యాయామం, ఓర్చుకోగలిగినంతలో మామూలు పనులు. త్వరగా కోలుకున్నది మూడోవాళ్లు. వేడినీళ్ల సంచితోనో ఇసుక మూటతోనో కాపడం పెట్టుకుని ఇంట్లో అటూ ఇటూ తిరగడమే ఆ రోజుల్లో వైద్యం. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు వారాలకొద్దీ వాడితే కడుపులో పుండ్లు, కిడ్నీ దెబ్బ. ఎండలో చెమటోడ్చి నీళ్లు తక్కువ తాగే మనుషులకి ఇంకా ప్రమాదం. బీపీ, షుగరు ఉంటే డాక్టరు రాయకుండా అసలు ముట్టుకోవద్దు.

అమ్మగారి ఎమ్మారై రిపోర్టులో డిస్క్ బల్జ్, అంటే డిస్కు కాస్త బయటికి ఉబ్బింది అని ఉందని భయపడుతున్నారు. నొప్పే లేని మూడు వేలమందికి పైగా మనుషుల స్కాన్లు కలిపి 2015లో లెక్కేస్తే, యాభై ఏళ్లవాళ్లలో నూటికి 80 మందికి డిస్కు అరుగుదల, 60 మందికి బల్జ్ కనిపించాయి. జుట్టు నెరిసినట్టు అది. కాల్లో బలం తగ్గకుండా ఉన్నంతకాలం ఆ ఒక్క మాట చూసి ఆపరేషన్ గురించి ఆలోచించొద్దు. నాలుగు వరసల రిపోర్టు చూసి వంగడమే మానేసి, నడవడం మానేసి, ఆ భయంతోనే బిగుసుకుపోయిన మనుషుల్ని చాలామందిని చూశాను. నాకు చాలా బాధ కలిగించే విషయం అది.

ఒక్కటి మాత్రం మీ ప్రాంతం కాబట్టి అడుగుతున్నాను. అమ్మగారు ఏ నీళ్లు తాగుతూ పెరిగారు? కనిగిరి, పొదిలి, దర్శి వైపు చాలా పల్లెల్లో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్లకేళ్లు తాగితే పళ్ల మీద గోధుమ గారలే కాదు, వెన్నుపూసల్ని పట్టి ఉంచే పట్టీల్లాంటి కట్లు ఎముకలా గట్టిపడతాయి. అలాంటివాళ్లకి నడుం ఒక్కటే కాదు, మెడ కూడా తిరగదు, పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూస్తారు, పొద్దున్నే కీళ్లన్నీ బిగుసుకుంటాయి, కింద కూర్చుని లేవలేరు. అమ్మకి ఈ లక్షణాలు ఉంటే బలవంతంగా సాగదీయడం ప్రమాదం, గట్టిపడ్డ వెన్నులో నరాలు ఇప్పటికే నలుగుతూ ఉండొచ్చు. ఎక్స్‌రే, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి, తాగే నీళ్లు కూడా పరీక్షకి ఇవ్వండి. నీళ్లు మార్చకుండా ఏ వ్యాయామం చేసినా ఉపయోగం ఉండదు. ఈ లక్షణాలు లేకపోతే పైన చెప్పినవి నిశ్చింతగా మొదలుపెట్టొచ్చు.

మీరు చివర్లో రాసిన మాట చదివి మాత్రం భయమేసింది. కటింగ్ షాపులో తల మర్దన అయ్యాక మెడ రెండు వైపులా టకటకా విరిపించుకుంటే కాసేపు హాయిగా ఉంటోందని రాశారు. దయచేసి ఇక ఎప్పుడూ చేయించుకోకండి. మెదడుకి రక్తం తీసుకెళ్లే రెండు నాళాలు మెడ పూసల్లో ఉన్న రంధ్రాల గుండానే వెళ్తాయి. హఠాత్తుగా తిప్పితే వాటి లోపలి పొర చిరిగి పక్షవాతం రావచ్చు. అరుదే, కానీ వచ్చినవాళ్లలో మీ వయసువాళ్లు ఉన్నారు. ఆ హాయి కూడా గంటో రెండు గంటలో.

అమ్మగారికి నడుం బెల్టు ఇప్పటికే కొన్నారని అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో దీర్ఘకాలం నడుం నొప్పికి బెల్టులు వద్దనే ఉంది. బస్సులో ఒంగోలు వచ్చే రోజు పెట్టుకోనివ్వండి, ఆకు దగ్గర కూర్చున్నప్పుడు వద్దు. ఆ డబ్బుతో ఆమెకి జానెడు ఎత్తు చెక్క పీట చేయించండి. నేల మీద కాళ్లు చాచి కూర్చున్నప్పుడు నడుం ఎంత గుండ్రంగా వంగుతుందో, పీట మీద కూర్చుంటే ఎంత తగ్గుతుందో పక్కనుంచి ఫొటో తీసి ఆమెకే చూపించండి. ఆకు బుట్ట ఎదురుగా కాకుండా పక్కన ఉంటే ప్రతిసారీ మెలి తిరగాలి, దాన్ని ముందుకి జరిపించండి.

రాత్రి ఆమె బోర్లా పడుకునేముందు, నొప్పి ఎక్కడిదాకా ఉందో తన చేత్తోనే చూపించమని, ఆ చోటు ఒక కాగితం మీద మనిషి బొమ్మ గీసి గుర్తు పెట్టండి. లేచాక మళ్లీ చూపించమనండి. వారం రోజుల గుర్తులు తారీకులతో నాకు పంపితే, వెనక్కి వంగడం కొనసాగించాలా, మార్చాలా అన్నది వాటిని చూసి చెప్తాను. నడుం మీద చేతులు పెట్టుకుని ఆమె వెనక్కి వంగుతుంటే పక్కనుంచి తీసిన చిన్న వీడియో కూడా ఉంటే ఇంకా మంచిది, మోకాళ్లు వంగుతున్నాయో లేదో నాకు తెలుస్తుంది.